తెల్లకంకుల పురుగు ఇంటిపేరు

ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది. నలభై దాటేదాకా నాకు అక్షరాలు రావు. ధర్మవరం పక్కన మా పుట్టినూర్లో ఆడపిల్లల్ని గొర్రెల వెంబడి పంపేవాళ్లు గానీ బడికి పంపే ఆలోచన ఎవరికీ లేదు. మా నాయనకూ లేదు. అక్షరాలు వచ్చినాక కూడా చాలా ఏళ్లు రాయలేకపోయాను. కాగితం ముందు పెట్టుకుంటే మా అత్తనూ మరిదినీ తిట్టే మాటలే వచ్చేవి. పేజీ నిండా తిట్లు రాసి చించేసేదాన్ని. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలు వాళ్ల మీద ఖర్చు పెట్టడం నాకే నచ్చలేదు. ఇప్పుడు కోపం పోయిందని కాదు. చెయ్యి కాస్త నిదానించింది, అంతే.

నన్ను పెనుకొండ దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. ఊరికి చెరువుంది. చెరువు కింద వరి మళ్లు. ఒక్కో మడిని మా పక్క కయ్య అంటారు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు తూముకు దగ్గరగా ఉన్న కయ్య నా మగనికి వచ్చింది. మంచి కయ్య. నీళ్లు ముందు దానికే అందేవి. ఆ మంచితనమే నా కొంప ముంచిందని తర్వాత తెలిసింది.

మాకు పిల్లలు లేరు. తొంభైల మొదట్లో నా మగడు కామెర్లు ముదిరి చనిపోయాడు. ఆ తర్వాత కయ్యను మరిదీ నేనూ కలిసి చేసేవాళ్లం. దున్నడం, చల్లడం ఆయన పని. నారు పీకడం, నాటడం, కలుపు తీయడం నాది. గింజలు చెరిసగం. మా అత్తకు ఆ సగం పోవడం ఇష్టం లేదని ఆమె గంపలు కొలిచే తీరు చూస్తేనే తెలిసేది. కానీ నోరు తెరిచి అనడానికి ఆమెకు ఒక సాకు కావాలి.

ఆ ఊర్లో ఒక పట్టింపు ఉంది. వరి పొట్టకు వచ్చిందంటే, అంటే కంకి ఇంకా ఆకుల మధ్యే దాగి కాండం ఉబ్బి ఉన్నప్పుడు, పైరును కడుపుతో ఉన్న ఆడమనిషిని చూసినట్లు చూస్తారు. ఎవరూ చెప్పులతో మడిలోకి దిగరు. గట్టు మీద నిలబడి కేకలు వేయరు. మొగుడు పోయిన ఆడది ఆ గట్టు దరిదాపుల్లోకి కూడా రాకూడదు. వస్తే కడుపు నిలవదు. నేను కూడా ఆ మాట నమ్మినదాన్నే. పైరు పొట్టకు రాగానే మడి వైపు పోవడం మానేసి, ఇంట్లో కూర్చుని వేరుసెనక్కాయలు వలిచేదాన్ని.

ఒక ఏడు వానలు సరిగా లేక చెరువులో నీళ్లు తక్కువగా ఉన్నాయి. వంతుల వారీగా వదిలేవాళ్లు. పైరు పొట్ట మీద ఉంది, మడి నెర్రెలిచ్చింది. మా వంతు వచ్చే రోజుకు మరిది జ్వరంతో మంచం మీద ఉన్నాడు. అత్త కదిరిలో కూతురింటికి పోయింది. నీళ్లు వదిలే నీరుగంటి మా వాకిట్లోకి వచ్చి అరిచాడు.

"ఏమమ్మా, ఎవరొస్తాండారు? పొద్దు గూకేలోగా మడవ తిప్పుకోకపోతే ఈ వంతు పక్కోళ్లకు పోతాది. మళ్లీ నీళ్లుంటాయని నేను చెప్పలేను."

"మరిది లేవలేకుండా ఉండాడన్నా."

"అయితే పైరును కూడా మంచం మీద పండుకోబెట్టుకోండి," అని పోయాడు.

పార తీసుకుని పోయాను. మడవ తిప్పి కాలువ నీళ్లు మా కయ్యలోకి మళ్లించాను. దూరపు మూలకు నీళ్లు ఎక్కకపోతే మడిలోకి దిగి, పైరు మధ్య కాలువ తీసి అందించాను. ఆ రోజు దిగకపోతే ఆ కయ్య నిలువునా ఎండిపోయేది. ఈ మాట తర్వాత చాలామందితో చెప్పాను. విన్నవాళ్లంతా అవునవునని తల ఊపి, ఆ తర్వాత మా అత్త చెప్పింది నమ్మారు.

కంకులు వెళ్లే రోజులు వచ్చాయి. వెళ్లిన కంకుల్లో చాలా భాగం తెల్లగా వెళ్లాయి. మంచి కంకి పచ్చగా ఉండి బరువుకు వంగుతుంది. ఇవి తాలు. గింజ లేదు కాబట్టి బరువు లేదు, నిటారుగా నిలబడి గాలికి ఊగుతున్నాయి. మా అత్త గట్టు మీద నుంచే ఒకదాన్ని పట్టి లాగింది. కష్టం లేకుండా చేతిలోకి ఊడి వచ్చింది. దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగింది. "చూడండమ్మా, పొట్టమీదున్న పైర్లో కాలు పెట్టింది. దాని రంగే వచ్చిండాది," అని. దానికి ముండకంకి అని పేరు పెట్టింది కూడా ఆమే. ఆ ఏడు నుంచి ఊర్లో అందరూ ఆ పేరే అనేవాళ్లు. నా ఎదురుగా కూడా అనేవాళ్లు.

మా కయ్యకు ఆనుకుని ఒక సాయిబు కయ్య ఉంది. నెమ్మదైన మనిషి, ఎవరి జోలికీ పోడు. ఆయన మడిలో కూడా తెల్లకంకులు పడ్డాయి. నేను అత్తతో అన్నాను. "ఆయప్ప కయ్యలో నేను దిగలేదు గదా అత్తా. ఆడెందుకు పడినాయి?"

ఆమె క్షణం కూడా తడుముకోలేదు. "నీ కాళ్లు కడిగిన నీళ్లు యాడికి పారినాయమ్మే? ఆయప్ప మడిలోకే గదా."

నిజంగానే మా మడి నిండినాక నీళ్లు ఆయన మడిలోకే పోతాయి. ఆ రాత్రి పడుకుని, నిజంగా నా వల్లేనేమో అని ఏడ్చాను. అన్నిటికన్నా ఎక్కువ మంట అదే. వాళ్లు అన్నదానికి కాదు, నేను నమ్మినదానికి.

తర్వాతి పంట కారు నుంచి మరిది నన్ను కయ్యలోకి దిగొద్దన్నాడు. సగం గింజలు కూడా ఆగిపోయాయి. ఊర్లో నాట్లకు, కోతలకు ఎవరూ పిలవలేదు. కూలి లేక, తిండి లేక హిందూపురం చేరాను. ఒక కాలేజీలో ఊడ్చే పని దొరికింది.

మా వీధి చివర ఒక గదిలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పేవాళ్లు. పదో తరగతి పాసైన ఒక పిల్ల పలకలు పంచి, మా వేళ్లు పట్టుకుని దిద్దించేది. నాకన్నా చిన్నది నన్ను గదమాయించేది. కొన్నాళ్లకు బస్సుల మీది ఊర్ల పేర్లు కూడబలుక్కోగలిగాను. కొన్నేళ్లకు పేపరు చదవగలిగాను.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఒక మేడం ఉండేది. ఆమె గదిలో అద్దాల పెట్టెలు వరసగా ఉండేవి. వాటి నిండా గుండుసూదులకు గుచ్చిన చిన్న చిన్న రెక్కల పురుగులు. గడ్డి కాడల మీద రెక్కలు ముడుచుకుని కూర్చునే రకం. కదలకపోతే ఎండు ఆకు ముక్క అనుకుంటాం. పెట్టెల మీద దుమ్ము తుడవమనీ, మూత మాత్రం తెరవొద్దనీ నాకు చెప్పింది. వాటిలో ఒక్క జాతి మీదే ఆమె ఏళ్ల తరబడి పని చేస్తోంది. ఇంత చదువుకున్న మనిషి దీపం పురుగులు ఏరుకోవడం ఏమిటని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

రెండు వేలు దాటిన కొత్తల్లో, పిల్లల కోసం కాలేజీలో ఒక ప్రదర్శన పెట్టారు. మేడం అట్టల మీద తెలుగులో వివరాలు రాయించింది. ఊడుస్తూ ఒక అట్ట ముందు నిలబడి అక్షరం అక్షరం చదివాను. 'వరి కాండం తొలిచే పురుగు. పైరు పొట్ట దశలో ఉన్నప్పుడు సోకితే తెల్లకంకులు వస్తాయి.'

చీపురు గోడకు ఆనించి మళ్లీ చదివాను. తప్పు చదివానేమో అని మేడంను పిలిచి చదవమన్నాను. ఆమె చదివింది. నేను చదివిందే ఉంది.

"ఇది యాడ ఉంటాది మేడం?"

ఆమె గోడ మీది పటం దగ్గరికి తీసుకుపోయింది. మన దేశం మొత్తం, శ్రీలంక, బర్మా, చైనా, ఇంకా అటు తూర్పున జపాన్ దాకా, వరి పండే చోటల్లా ఉంటుందని వేలితో చూపించింది. ఈ పురుగు వరిని తప్ప దాదాపు ఇంకేదీ ముట్టదట.

ఆ తర్వాత పని అయినాక ఆమె గదిలో కూర్చుని అడుగుతుండేదాన్ని. విసుక్కోకుండా చెప్పేది. ఈ జాతి పేరు సిర్పోఫాగా. అది ఇంటిపేరు లాంటిదని, మనలాగే శాస్త్రజ్ఞులు కూడా ఇంటిపేరు ముందు రాసి, అసలు పేరు తర్వాత రాస్తారని చెప్పింది. ఒకే ఇంటిపేరు కింద వరిది ఒకటి, చెరుకు మొవ్వును తినేది ఒకటి, నీళ్ల ఒడ్డున తుంగ లాంటి గడ్డిలో ఉండేవి వేరే. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కూడా ఈ ఇంటిపేరు వాళ్లు ఉన్నారు. చాలావరకు తెల్లవి. పైకి ఒకేలా ఉంటాయి కాబట్టి తోక చివరి భాగాలు అద్దం కింద పెట్టి చూస్తే గానీ ఏది ఏదో తేలదు. వరి పురుగుకు పాత పుస్తకాల్లో వేరే ఇంటిపేరు ఉండేదట, తర్వాత మార్చారట. పెళ్లయినప్పుడు నాకు మార్చినట్టు.

ఆ వరి పురుగులో ఆడదీ మగదీ ఒకదానికొకటి పోలిక ఉండదు. మగది చిన్నది, మట్టి రంగు. ఆడది పసుపు రంగులో ఉండి, ఒక్కో ముందు రెక్క మీద ఒక నల్లటి చుక్క ఉంటుంది. మొదట్లో చూసిన పెద్దమనుషులు రెండూ వేరే వేరే పురుగులనుకుని రెండు పేర్లు పెట్టారట. నేను పెట్టె అద్దంలోంచి ఆడదాన్ని చాలాసేపు చూశాను. దానికి రెండు బొట్లున్నాయి. నిండు ముత్తైదువలా పసుపు పూసుకుని ఉంది. అది ఆకు చివర గుడ్లు పెట్టి, తన తోక వెంట్రుకలతోనే వాటిని కప్పుతుంది. పిల్ల పురుగులు తమ నోటి దారం పట్టుకుని గాలికి వేలాడి పక్క మొక్కకు పోతాయి. కాండంలోకి తొలుచుకుపోయి కంకికి పాలు అందకుండా లోపలే కోసేస్తాయి. లోపల తెగిపోయింది కాబట్టే లాగగానే ఊడి వచ్చేస్తుంది. మా అత్త చేతికి ఊడి వచ్చినట్టు. నేను పార పట్టుకుని పోయిన రోజుకు ఆ గుడ్లు అప్పటికే ఆకుల మీద ఉండి ఉంటాయి.

మేడంకు ఆడతోడు కావాల్సి వచ్చి నన్ను వెంట తీసుకుపోయేది. ధర్మవరం చెరువు కింద, బుక్కపట్నం చెరువు గట్టు మీద, సాయంత్రం ఎండ తగ్గినాక గడ్డిని కర్రతో తట్టి, లేచిన వాటిని వలలో పట్టేవాళ్లం. దొరికిన ప్రతి ఊరికీ ఆమె పటంలో ఒక ఎర్రచుక్క పెట్టేది. ఒకరోజు పటం చూస్తూ, "పెనుకొండ చుట్టూ ఖాళీగా ఉంది. మీ అత్తగారి ఊరు అక్కడే కదా? ఎప్పుడైనా పోతే తీసుకురా," అంది. నా కథ ఆమెకు చెప్పి ఉన్నాను. అప్పుడు జాలిపడింది. ఇప్పుడు ఆమెకు కావలసింది చుక్క. నాకు కావలసింది కయ్య. ఆ కయ్య ఇంకా నా మగని పేరు మీదే ఉంది. తప్పు నాది కాదని చూపిస్తే తిరిగి చేతికి వస్తుందనుకున్నాను. అంత అమాయకంగా ఉన్నాను, ఆ వయసులో.

వల, ఒక గాజు సీసా తీసుకుని పెనుకొండ బస్సెక్కాను. ఊరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. పైరు పొట్ట మీద ఉంది. గట్టు మీద నిలబడి గడ్డిని తట్టాను. రెండు మూడు లేచాయి. ఒకటి పసుపుది వలలో పడింది. సీసాలో వేసి మూత పెడుతుండగానే వెనక నుంచి కేక.

"ఎవరమ్మే అది గట్టు మీద? నువ్వా! మళ్లీ వచ్చినావా నా పైరు మీదికి?"

మా అత్త. నడుము వంగిపోయింది, గొంతు వంగలేదు. మరిది వచ్చాడు. పక్క మడిలో ఉన్న సాయిబు వచ్చాడు. పొలం నుంచి ఇళ్లకు పోతున్నవాళ్లు కూడా ఆగారు. అందరం మా ఇంటి వాకిట్లోకి చేరాము. నేను సీసా ఎత్తి చూపించి, తెల్లకంకి ఎందుకు వస్తుందో మేడం చెప్పినట్టే వరసగా చెప్పాను. గుడ్లు, దారం, కాండంలో తొలవడం.

సీసా చేతులు మారింది. మా అత్త దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదా? దీపం కాడికి రోజూ వచ్చి చచ్చేది ఇదే గదా. ఉఫ్ అంటే పోతాది. ఇది నా కయ్యను చంపిందా?"

"ఇది కాదు అత్తా, దీని పిల్లలు. ఇది మన ఊర్లోనే కాదు, దేశమంతా ఉండాది. జపాన్లో కూడా ఉండాదంట. నేను ఆడికి గూడా పోయి పైర్లో దిగింటినా?"

"ఏమోమ్మా, నీ కాళ్లు పోయినా పోయింటాయి," అంది.

అందరూ నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చి ఉండేది, అది నా గురించి కాకపోతే.

"సరే, పురుగే అనుకుందాం," అంది ఆమె, నవ్వు తగ్గినాక. "దానికి కండ్లుండాయా, బుద్ధుండాదా? యాడికి పోవాలో దానికేం తెల్సు? దారి చూపిచ్చేది ఎవరో ఒకరు ఉండాల గదా."

అప్పుడు సాయిబు, ఎవరినీ నొప్పించాలని కాకుండా, మామూలుగా మరిదితో అన్నాడు. "పురుగు సంగతి మనకు తెలిసిందే గదప్పా. ఈయమ్మ పోయిన మరుసటేడే గదా మళ్లీ తెల్లకంకులు పడితే ఇద్దరం పెనుకొండ మందుల అంగడికి పోయినాం. అంగడాయప్ప కాడను బ్లేడుతో చీల్చి లోపల పురుగును చూపించినాడు. అప్పట్నించి ప్రతి కారుకూ మందు గుళికలు చల్లుతానే ఉండాం గదా."

నేను మరిది వైపు చూశాను.

"నీకు తెల్సా?"

"తెల్సు వదినా," అన్నాడు. సిగ్గుపడలేదు. "తెలిస్తే మాత్రం? అమ్మ మాటను నేను ఊర్లో కాదనేదెట్లా? నువ్వు కూడా ఆడ ఉజ్జోగం చేసుకుంటాండావు. బాగానే ఉండావు గదా. నీకు కయ్య ఎందుకు?"

అంతే. అంతకన్నా పెద్ద సంగతి ఏమీ లేదు. నేను పోయిన మరుసటి ఏడు నుంచీ వాళ్లకు తెలుసు. నేను హిందూపురంలో చీపురు పట్టుకుని, నా కాళ్లలో ఏదో దోషం ఉందని నమ్ముతూ, పచ్చటి చెట్టు కింద కూర్చోవడానికి కూడా వెనకాడిన ఆ ఏళ్లన్నీ, ఇక్కడ వీళ్లు గుళికలు చల్లుకుంటూ నా కయ్య గింజలు తింటున్నారు. ముండకంకి అనే మాట మాత్రం మాన్లేదు. మందుల అంగట్లో కూడా అదే పేరుతో అడిగేవాడట మరిది.

"నువ్వు కూడా ఒక్కమాట చెప్పలేదే అన్నా," అన్నాను సాయిబుతో.

"నన్నెవరూ అడగలేదమ్మా," అన్నాడు. అది నిజమే. అందుకే ఆయన మీద కూడా కోపం వచ్చింది.

జనం ఒక్కొక్కరే పోయారు. అత్త లోపలికి పోయి నాకు పళ్లెంలో అన్నం పెట్టింది. ఇంటికొచ్చిన మనిషిని పస్తు పండుకోబెట్టరు, ఆ పట్టింపు కూడా ఆమెకు గట్టిగానే ఉంది. ఆ బియ్యం ఏ కయ్యవో నాకు తెలుసు. ఆకలిగా ఉంది, తిన్నాను. మళ్లీ పెట్టించుకుని తిన్నాను. అరుగు మీద పడుకున్నాను.

పొద్దున లేచి ముఖం కడుక్కుని సాయిబు ఇంటికి పోయాను. ఆయన ఎనుము దగ్గర కూర్చుని పాలు పిండుతున్నాడు.

"అన్నా, వచ్చే కారు నుంచి నా కయ్య నువ్వు కోరుకు చెయ్యి. పండిందాంట్లో సగం నీది, సగం నాది."

చేతులు ఆగాయి. "మీ మరిది నాతో మాట మానేస్తాడమ్మా."

"మాననీ. ఊరంతా నాతో మానేసినప్పుడు నేనేం చచ్చిపోలేదు. నిన్న నిన్నెవరూ అడక్కుండానే చెప్పినావు. ఇప్పుడు నేను అడుగుతాండా."

పాలు పిండడం పూర్తిచేసి, చెంబు లోపల ఇచ్చి, గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. మేము పోయేసరికి మరిది గట్టు మీద ఉన్నాడు. ఈ కారు పంట నువ్వే కోసుకో, కోత అయినాక ఆ మడిలో మడక పెట్టి దున్నొద్దు అని చెప్పాను. పంచాయితీ పెడతానన్నాడు. పెట్టు, గుళికల కాడ నుంచి మొదలుపెడదాం అన్నాను. తువ్వాలు దులుపుకుని ఇంటి దారి పట్టాడు.

నేనూ సాయిబూ నాలుగు గట్లూ తిరిగి హద్దురాళ్లు చూసుకున్నాం. మరిది మడి పక్కనున్న రాయి నా మడిలోకి జరిగి ఉంది. పాత గుంత ఎక్కడో సాయిబుకు గుర్తుంది. ఆయన గడ్డపారతో తవ్వుతుంటే, నేను మోకాళ్ల దాకా బురదలో దిగి, రాయిని పట్టి దాని చోటుకు లాగాను.